గ్యారేజీ గాలి ఇంట్లోకి రాకుండా: ముందు సందులు, తరవాతే ఇన్సులేషన్

అమెరికాలో గ్యారేజీ అతుక్కుని ఉన్న ఇల్లు కొన్నవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు. గ్యారేజీ మీది బెడ్‌రూమ్‌లో జనవరిలో కాలు కింద పెట్టలేకపోతున్నాం, ఏ ఇన్సులేషన్ వేయించాలి? పొద్దున కారు తీశాక లాండ్రీ రూములో పొగ వాసన ఎందుకు వస్తోంది?

రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే, గ్యారేజీకీ ఇంటికీ మధ్య గాలి తిరగడం. ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు, వడపోస్తుంది. సందులో దాన్ని కుక్కితే కొన్నేళ్లకు దుమ్ము పట్టి నల్లబడుతుందే గానీ చలీ తగ్గదు, వాసనా పోదు. కాబట్టి మొదట సందులు మూయాలి, ఆ తరవాతే ఇన్సులేషన్. వరస తిరగేస్తే వేసిన ఇన్సులేషన్ మళ్లీ పీకాల్సి వస్తుంది.

కింద చెప్పింది చెక్క ఫ్రేమింగుతో కట్టిన ఇళ్లకు. కోడ్ సంగతులు, అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి నమూనాగా వాడే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం రాసినవి. ఊరూరా దానికి సవరణలు ఉంటాయి, డ్రైవాల్ (గోడకు, సీలింగుకు బిగించే జిప్సమ్ పలక) విప్పేముందు మీ సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంటుకు ఒక ఫోను చేయండి.

1. పని మొదలుపెట్టేముందు

గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటరో ఫర్నేసో ఉందా చూడండి. ఉంటే బయటి గోడకు కిందొకటి, పైనొకటి జాలీలు ఉండవచ్చు. ఆ మంటకు గాలి అందేది వాటిలోంచే. చలి వస్తోందని వాటికి అట్టముక్క అడ్డం పెట్టకండి. ఇప్పుడు మనం మూసేది గ్యారేజీకీ ఇంటికీ మధ్య గోడనే, గ్యారేజీకీ బయటికీ మధ్య గోడను కాదు.

1978కి ముందు కట్టిన ఇల్లయితే పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది. గరుకు పూత ఉన్న పాత పాప్‌కార్న్ సీలింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ల్యాబ్ పరీక్ష చేయించకుండా గీకొద్దు, కోయొద్దు.

తరవాత మీ వంటింటి హుడ్ సామర్థ్యం చూసుకోండి. మన వంటలకు పెద్ద హుడ్ పెట్టించుకోవడం మామూలే. పోపు వేసేటప్పుడు ఫుల్ స్పీడులో పెట్టిన 400 సీఎఫ్ఎం హుడ్ నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తుంది. అంత గాలీ ఎక్కణ్ణించో లోపలికి రావాలి. అన్నిటికన్నా తేలికైన దారి గ్యారేజీ వైపు ఉంటే, పెట్రోలు ఆవిరితో సహా అక్కణ్ణించే వస్తుంది. చలికాలంలో హుడ్ లేకపోయినా ఇదే జరుగుతుంది. వేడిగాలి పై అంతస్తు నుంచి బయటికి పోతూ కింది నుంచి గాలిని లాగుతుంది.

సామాను లెక్కకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటితో కలిసిన గోడ 20 అడుగులు, పైన గది, 16 అంగుళాల దూరంలో 2×10 జాయిస్టులు (పై గది నేలను మోసే చెక్క దూలాలు).

- సీలెంట్, 10 ఔన్సుల ట్యూబులు 6 (పావు అంగుళం తీగలా పూస్తే ట్యూబుకు 30 అడుగులు)
- ఫైర్ కాక్ (మంటను తట్టుకునే సీలెంట్), 2 ట్యూబులు
- ఫోమ్ డబ్బాలు, 12 ఔన్సులవి 4
- 2 అంగుళాల మందం గట్టి ఫోమ్ బోర్డు, 4×8 షీటు 1
- సందులో కుక్కడానికి ఫోమ్ తాడు, అంటే బ్యాకర్ రాడ్, 25 అడుగులు
- తలుపు వెదర్‌స్ట్రిప్ (అంచుల సందు మూసే పట్టీ) సెట్టు 1, డోర్ స్వీప్ (తలుపు అడుగు పట్టీ) 1, స్ప్రింగ్ హింజీలు 2
- యూఎల్ 181 (డక్టు టేపుల ప్రమాణం) అని అచ్చేసిన ఫాయిల్ టేపు 1, డక్ట్ మాస్టిక్ (గాలి గొట్టాల అతుకులకు పూసే ముద్ద) 1 డబ్బా
- కళ్లద్దాలు, గ్లోవ్స్, ఎన్95 మాస్కులు
- అగరుబత్తుల ప్యాకెట్టు

2. సరిహద్దు గీయడం

కాగితం మీద గ్యారేజీ బొమ్మ వేయండి. నాలుగు గోడల్లో ఇంటిని తాకేది ఏది, పైన గది ఉందా అటిక్ (పైకప్పు కింది ఖాళీ చోటు) ఉందా, అడుగున బేస్‌మెంట్ పక్కగా ఉందా అన్నవి గుర్తించి, ఆ గీతను ఎర్రపెన్నుతో కలుపుకుంటూ పోండి. గీత ఎక్కడా తెగకూడదు. తెగిన చోటే గాలి వస్తుంది.

ఆ గీతను దాటే ప్రతిదీ జాబితా రాయండి. తలుపు, స్విచ్ బోర్డులు, నీళ్ల పైపులు, డ్రయ్యర్ గొట్టం, ఏసీ కాపర్ లైను, సెంట్రల్ వాక్యూమ్ పైపు, అటిక్‌లోకి దింపుడు నిచ్చెన. కొత్తగా ఎలక్ట్రిక్ కారు చార్జర్ పెట్టించారా? ఆ కాండూయిట్ (వైరు పోయే గొట్టం) కోసం వేసిన కంత చుట్టూ చూడండి. ముప్పావు అంగుళం పైపుకు రెండంగుళాల కంత కొట్టి, పైన ప్లేటు బిగించి వెళ్లిపోయిన పనులు తరచూ కనిపిస్తాయి. పైపు చుట్టూ మూస్తే సరిపోదు, పైపు లోపల కూడా డక్ట్ సీల్ పుట్టీ పెట్టాలి. ఖాళీ పైపు కూడా గొట్టమే కదా.

3. సందులు వెతకడం

గాలులు లేని, చల్లటి రోజు ఎంచుకోండి. కిటికీలన్నీ మూయండి. గ్యారేజీ పెద్ద తలుపు తెరవండి. వంటింటి హుడ్, బాత్‌రూమ్ ఫ్యాన్లు, డ్రయ్యర్ ఆన్ చేయండి. ఇప్పుడు ఇల్లు గాలిని లోపలికి లాగుతుంది.

అగరుబత్తి వెలిగించి *ఇంటి లోపలి వైపు* మాత్రమే తిప్పండి. గ్యారేజీలోకి నిప్పు తీసుకెళ్లకండి, నేల మట్టాన పెట్రోలు ఆవిరి ఉండవచ్చు. పొగ నిటారుగా లేస్తే పర్వాలేదు. మీ వైపు వంగితే అక్కడ సందు ఉన్నట్టు. పెయింటర్ టేపు ముక్క అంటించి నంబరు వేయండి. బేస్‌బోర్డు కింద, స్విచ్చుల దగ్గర, సింకు కింద పైపులు గోడలోకి పోయే చోట, పై గది కార్పెట్ అంచుల్లో తప్పక చూడాలి. కార్పెట్ అంచు గోడ వెంట నల్లటి గీతలా మాసిందంటే, ఏళ్ల తరబడి అక్కణ్ణించి గాలి వస్తోందనే అర్థం.

ఇంట్లో సహజ డ్రాఫ్టుతో, అంటే ఫ్యాను లేకుండా పొగ తానే పైకి పోయేలా, పనిచేసే గ్యాస్ వాటర్ హీటరో, పొగగొట్టం ఉన్న ఫైర్‌ప్లేసో ఉంటే ఈ పరీక్ష చేసేముందు వాటిని ఆపండి. ఫ్యాన్లు వాటి పొగను వెనక్కి లాగగలవు.

4. తలుపు

అన్నిటికన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఇక్కడే.

గ్యారేజీ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపు కనీసం 1⅜ అంగుళాల గట్టి చెక్క, లేదా అంత మందం ఉన్న ఉక్కు తలుపు, లేదా 20 నిమిషాల ఫైర్ రేటింగ్ ఉన్నదై ఉండాలి. నేరుగా బెడ్‌రూమ్‌లోకి తెరుచుకోకూడదు. తనంతట తానే మూసుకోవాలి. కుక్కపిల్ల కోసం దానికి కిటికీ కోయించారా? ఆ తలుపు మార్చాల్సిందే.

- పాత వెదర్‌స్ట్రిప్ పీకి, గాడిలో ఇమిడే నొక్కుడు రకం పెట్టండి. ముందు పై అడ్డం, తరవాత నిలువులు.
- గడప ఎత్తు సర్దే స్క్రూలు ఉంటే, తలుపు కింద వెలుతురు కనబడనంత వరకు తిప్పండి.
- డాలర్ నోటు సందులో పెట్టి తలుపు వేసి లాగండి. జారిపోతే బిగింపు చాలలేదు. చుట్టూ ఎనిమిది చోట్ల చూడండి.
- మూడు హింజీల్లో రెండింటికి స్ప్రింగువి పెట్టి, సగం తెరిచి వదిలేయండి. గొళ్లెం దానంతటదే పడాలి.

కొత్త వెదర్‌స్ట్రిప్ గట్టిగా ఉండి గొళ్లెం పడకపోతే చాలామంది స్ప్రింగు బిగిస్తూ పోతారు, తలుపు దబదబా కొట్టుకుంటుంది. అలా కాకుండా ఫ్రేములో గొళ్లెం పడే రేకును, అంటే స్ట్రైక్ ప్లేటును, కాస్త జరపండి.

ట్రిమ్ పీకితే ఫ్రేముకూ స్టడ్డుకూ (గోడలోని నిలువు చెక్క) మధ్య అరంగుళం ఖాళీ దొరుకుతుంది. అక్కడ తలుపుల కోసం అమ్మే తక్కువగా ఉబ్బే ఫోమే వాడాలి. మామూలుది ఫ్రేమును లోపలికి నొక్కేసి తలుపు పట్టేసేలా చేస్తుంది.

5. గోడ

గ్యారేజీ వైపు డ్రైవాల్ చాలా ఇళ్లలో నేల దాకా రాదు, అరంగుళం పైనే ఆగుతుంది. ఆ ఖాళీ వెంట చెక్క అడుగుపట్టీ కనిపిస్తుంది. ముందు దుమ్ము వాక్యూమ్ చేయండి. బ్యాకర్ రాడ్ దూర్చి, దాని మీద సీలెంట్ పూసి వేలితో అదమండి. దుమ్ము మీద పూసిన సీలెంట్ వారంలో పెచ్చులా లేస్తుంది.

స్విచ్ బోర్డులకు మెయిన్ ఆపి ప్లేటు విప్పండి. పెట్టెకూ డ్రైవాల్‌కూ మధ్య ఉన్న సందుకు ఫైర్ కాక్ పూసి, ప్లేటు వెనక ఫోమ్ గాస్కెట్ పెట్టండి. పెట్టె లోపల ఫోమ్ కొట్టొద్దు.

పైపులు, వైర్లు దాటే కంతలకు కూడా ఫైర్ కాకే. నారింజ రంగు ఫోమ్ గురించి ఒక మాట: అది ఫైర్‌బ్లాక్ (గోడ లోపలి ఖాళీల్లో మంట పాకకుండా అడ్డం పెట్టే) పనికి ఒప్పుకున్న రకమే గానీ కాలనిది కాదు. రేటింగ్ ఉన్న చోట్ల అది ఫైర్ కాక్‌కు బదులు కాదు.

వాటర్ హీటర్ పొగగొట్టం సీలింగు దాటే చోట ఏ ఫోమూ వద్దు. బి-వెంట్ (రెండు పొరల రేకు పొగగొట్టం) గొట్టానికి చుట్టూ కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. రేకు కాలరు కోసి బిగించి, అంచుకు ఎక్కువ వేడిని తట్టుకునే సీలెంట్ పూయాలి.

6. జాయిస్టుల మధ్య ఖాళీలు: అసలు పని

గోడంతా మూసినా చలి తగ్గలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

గ్యారేజీ సీలింగు మీద ఉండే జాయిస్టులు చాలా ఇళ్లలో కలిసిన గోడ మీదుగా ఇంట్లోకి సాగుతాయి. రెండు జాయిస్టుల మధ్య ఖాళీ ఒక సొరంగం. ఒక కొస గ్యారేజీ పైన ఉంటే, రెండో కొస మీ లివింగ్ రూము సీలింగులో ఉంటుంది. గోడ పైపట్టీ దగ్గర ఆ సొరంగానికి అడ్డం ఉండాలి. చాలా ఇళ్లలో ఉండదు, లేదా ఫైబర్‌గ్లాస్ ముక్క ఒకటి మడిచి పెట్టి ఉంటుంది.

జాయిస్టులు ఎటు పోతున్నాయో స్టడ్ ఫైండర్‌తో చూడండి. గోడకు సమాంతరంగా ఉంటే మీ అదృష్టం, గోడ మీది జాయిస్టే అడ్డు. దాని పై అంచు, కింది అంచు మూస్తే చాలు. గోడకు అడ్డంగా ఉంటే ప్రతి ఖాళీకీ ఒక బిళ్ల కావాలి. 20 అడుగుల గోడకు 15 ఖాళీలు.

ఒక్కో ఖాళీ పని ఇలా:

1. కరెంటు ఆపండి. కలిసిన గోడ వెంట సీలింగు డ్రైవాల్‌ను 18 అంగుళాల వెడల్పున పట్టీలా కోయండి. కోత బ్లేడు లోతు డ్రైవాల్ మందానికే పెట్టండి, పైన వైర్లు ఉంటాయి.

2. పాత ఇన్సులేషన్ వెనక్కి లాగండి. నల్లబడ్డ ముక్కలు ఎక్కడ వచ్చాయో చూసుకోండి, గాలి దారి అదే.

3. ఖాళీ కొలవండి. 2×10 అయితే 9¼ ఎత్తు, 14½ వెడల్పు. బిళ్ల 8¾ × 14 కోయండి. చుట్టూ పావు అంగుళం వదలడం కావాలనే. ఫోమ్ గొట్టం మూతి దూరాలి కదా. బిళ్లను బిగుతుగా కోసి దూరిస్తే వెనక అంచుకు ఫోమ్ అందదు, సందు కంటికి కనబడకుండా ఉండిపోతుంది.

4. బిళ్లను గోడ పైపట్టీ మీద నిలబెట్టి, రెండు చుక్కల ఫోమ్‌తో అంటించండి.

5. చుట్టూ ఫోమ్ కొట్టండి. ముందు పైన సబ్‌ఫ్లోర్ (పై గది నేల కింది చెక్క పలక) అంచు, తరవాత రెండు పక్కలు, చివర కింద. పై అంచు కంటికి ఎదురుగా ఉండదు కాబట్టి మరిచిపోయేది అదే. చిన్న అద్దం పెట్టి చూడండి.

4×8 షీటులో ఈ కొలత బిళ్లలు 30 వస్తాయి. 15 ఖాళీలకు ఒక్కోదానికి రెండు పొరలు వేసుకోవచ్చు.

ఖాళీలోంచి వైరో పైపో పోతుంటే బిళ్లను రెండుగా కోసి, రెండిటి అంచుల్లో అర్ధచంద్రం చెక్కి కలపండి. ఇంగ్లిష్ ఐ అక్షరంలా ఉండే ఐ-జాయిస్టులయితే పక్కల ఉన్న గాడి ఆకారం అట్టమీద గీసుకుని అదే ఆకారంలో కోయాలి. చెక్కకడ్డీలు అల్లినట్టుండే ఓపెన్ వెబ్ ట్రస్సులయితే బిళ్లలతో కుస్తీ పట్టొద్దు. అక్కడ స్ప్రే ఫోమ్ చేసేవాళ్లను పిలవడమే నయం.

డ్రైవాల్ తెరిచే ఉంది కాబట్టి, పై గదిలో టబ్ ఉందేమో చూడండి. టబ్ డ్రెయిన్ కోసం సబ్‌ఫ్లోర్‌లో అడుగు చదరం కంత కోసి అలాగే వదిలేస్తారు. ప్లైవుడ్ ముక్క పైపు చుట్టూ ఇమిడేలా కోసి, అంచులకు సీలెంట్ పూసి, స్క్రూలు కొట్టండి. ప్లైవుడ్ అతుకుల వెంట కూడా ఒక తీగ పూయండి.

7. డక్టులు

గ్యారేజీలోకి తెరుచుకునే రిజిస్టరు (ఏసీ, హీటరు గాలి వదిలే జాలీ) గానీ, గాలి లాగే రిటర్న్ జాలీ గానీ ఉండకూడదు. ఎవరో గ్యారేజీ చల్లగా ఉండాలని పెట్టించి ఉంటే తీయించి, అక్కడ రేకుతో మూయించండి. గ్యారేజీలో కనిపించే డక్టు కనీసం 26 గేజి ఉక్కు రేకుది కావాలి.

ఎయిర్ హ్యాండ్లర్ (డక్టుల్లోకి గాలి తోసే పెట్టె) గ్యారేజీలోనే ఉంటే రిటర్న్ వైపు అతుకులన్నిటికీ మాస్టిక్ నాణెం మందాన పూయండి. ఫిల్టరు మూతకు ఫాయిల్ టేపు. బట్టతో చేసిన డక్ట్ టేపు డక్టులకు పనికిరాదు, వేడికి జిగురు ఎండి ఊడిపోతుంది.

8. ఇన్సులేషన్

ఆర్ అంటే వేడి దాటిపోకుండా ఆపే శక్తికి కొలత, అంకె పెరిగితే ఆపేది ఎక్కువ. గోడలోని చెక్క 2×4 అయితే ఆర్-13 లేదా ఆర్-15, 2×6 అయితే ఆర్-21.

గ్యారేజీ మీది గది నేలకు కోడ్ అడిగే కనీసం ఊరిని బట్టి మారుతుంది.

- హ్యూస్టన్: ఆర్-13
- డాలస్, ఫ్రిస్కో. న్యూజెర్సీలో ఎడిసన్: ఆర్-19
- చికాగో, మినియాపొలిస్: ఆర్-30

ఇక్కడ నంబరు కన్నా ముఖ్యం, ఇన్సులేషన్ సబ్‌ఫ్లోర్‌ను తాకి ఉండటం. 9¼ అంగుళాల లోతులో 6¼ అంగుళాల ఆర్-19 పరుపు వేసి వదిలేస్తే అది కిందికి జారి సీలింగు మీద పడుకుంటుంది. పైన మూడంగుళాల ఖాళీలో చల్లగాలి తిరుగుతుంది. పరుపును పైకి నొక్కి, 16 అంగుళాల ఇన్సులేషన్ తీగలను అడుగున్నరకొకటి బిగించండి. మరీ అదిమేయొద్దు, నలిగితే ఆర్ విలువ పడిపోతుంది. లోతంతా నింపగలిగితే ఇంకా మంచిది.

కాగితం అంటించిన రకమైతే కాగితం వెచ్చని గది వైపు, అంటే పైకి ఉండాలి. కింద నిలబడి స్టేపుల్ కొట్టడం సులువని కిందికి పెట్టేస్తుంటారు. చలి ప్రాంతాల్లో అది తప్పు. హ్యూస్టన్ వంటి ఉక్క ఊళ్లలో కాగితం లేని రకం వాడండి.

నీళ్ల పైపు ఉన్న ఖాళీలో ఇన్సులేషన్ పైపుకు కింద ఉండాలి, పైపుకూ గదికీ మధ్య కాదు. పైపు ఇంటి వేడిలో భాగం కావాలి. తిరగేసి వేస్తే చికాగో చలికి మొదట పగిలేది ఆ పైపే.

సీలింగు మొత్తం విప్పడం ఇష్టం లేకపోతే, డ్రైవాల్‌కు కంతలు వేసి సెల్యులోజ్‌ను (కాగితపు పీచు) ఘనపుటడుగుకు 3.5 పౌండ్ల చొప్పున కుక్కి నింపించవచ్చు. 6వ అంచె బిళ్లలు లేకుండా ఈ పని ఒప్పుకోవద్దు. బస్తాలకు బస్తాలు లివింగ్ రూము సీలింగులోకి పోతాయి.

పెద్ద తలుపుకు ఇన్సులేషన్ కిట్లు కొనాలా అని కూడా అడుగుతుంటారు. అది చిట్టచివరి పని. బరువు పెరిగితే తలుపు స్ప్రింగుల తూకం తప్పుతుంది, మళ్లీ సర్దించాలి.

9. మూయడం

మీద నివసించే గది ఉంటే గ్యారేజీ సీలింగుకు ⅝ అంగుళాల టైప్ ఎక్స్ (మంటను ఎక్కువసేపు తట్టుకునే రకం) డ్రైవాల్. కలిసిన గోడకు, అటిక్ వైపుకు కనీసం అరంగుళం. ఫోమ్ బోర్డుగానీ, ఇన్సులేషన్ కాగితంగానీ గ్యారేజీలోకి తెరిచి ఉండకూడదు. అతుకులకు పేపర్ టేపు, జాయింట్ కాంపౌండ్. పెయింటు వేయకపోయినా ఫరవాలేదు గానీ టేపు మానొద్దు, అతుకు కూడా సందే.

దింపుడు నిచ్చెన ఉంటే అది ఈ అడ్డుగోడకు కోసిన కంత కింద లెక్క. ఫైర్ రేటింగ్ ఉన్నది పెట్టించండి, లేదా తీసేసి డ్రైవాల్ మూయించండి.

10. పరీక్ష, అలారం

3వ అంచెలో వేసిన నంబర్ల దగ్గర అగరుబత్తితో మళ్లీ చూడండి. వంగే చోట్లు ఒకటో రెండో మిగులుతాయి, అవి చాలాసార్లు బేస్‌బోర్డు మూలలు.

కచ్చితమైన లెక్క కావాలంటే బ్లోయర్ డోర్ (ఇంటి తలుపులో బిగించి గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను) ఉన్న ఎనర్జీ ఆడిటర్‌ను పిలిచి, ఇంటికీ గ్యారేజీకీ మధ్య పీడన తేడా కొలవమనండి. ఇంటిని బయటితో పోలిస్తే 50 పాస్కల్స్ తక్కువలో ఉంచినప్పుడు, గ్యారేజీతో తేడా కూడా 50కి దగ్గరగా రావాలి. 25, 30 వస్తే పెద్ద కంత ఇంకా ఎక్కడో ఉంది. గ్యాస్ పరికరాలుంటే అదే రోజు వాటి డ్రాఫ్టు కూడా చూడమని అడగండి, ఇల్లు బిగిశాక డ్రాఫ్టు మారవచ్చు.

కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ప్రతి అంతస్తులో, బెడ్‌రూమ్‌ల బయట ఉండాలి. గ్యారేజీలో పెట్టకండి, కారు తీసినప్పుడల్లా అరుస్తుంది, చివరికి విసిగి మీరే ఊడదీస్తారు. అంకెలు చూపించే రకం కొనండి. మామూలు అలారం 70 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 70 వంతులు) దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు తీసుకోవచ్చు.

ఎంత మూసినా, చలికి కారును గ్యారేజీలో స్టార్ట్ చేసి ఉంచడం మానాలి, రిమోట్ స్టార్ట్ కూడా. పెద్ద తలుపు తెరిచి రెండు నిమిషాలు నడిపిన కారుతో గ్యారేజీలో 500 పీపీఎం దాకా చేరినట్టు, కారు బయటికి తీసిన పది గంటలకు కూడా జాడ మిగిలినట్టు ఐయోవా స్టేట్ యూనివర్సిటీ కొలతలు చూపించాయి. ఇంట్లో వాసన పట్టకూడదని గ్యారేజీలో ప్రొపేన్ పొయ్యి పెట్టి గారెలు, చేపల వేపుడు చేసేవాళ్లకూ ఇదే లెక్క. ఆ పొయ్యి ఉండాల్సింది పెరట్లో.

పని అయ్యాక వారం రోజులు, కారు తీసిన గంటకు అలారం అంకె చూసి రాసుకోండి. సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే ముందు తలుపు గొళ్లెం, తరవాత 6వ అంచెలో టబ్ కింది కంత, ఆ తరవాత రిటర్న్ డక్టు, ఈ వరసలో వెతకండి. అలారం మోగితే మాత్రం వెతకడాలేమీ వద్దు. అందరూ బయటికి వచ్చి 911కి ఫోను చేయండి.